సీతాకోకచిలుకకు చిటికెడు ఉప్పు

పిల్లలూ, ముందుగా ఒక పొడుపు కథ విప్పండి.

"పుట్టింది మొదలు డెబ్భై ఏళ్లు వచ్చేదాకా మనిషికి కావలసింది అంతా కలిపినా ఒక చిన్న చెంచా నిండదు. అయినా అది ఎప్పటికప్పుడు అందుతూనే ఉండాలి. అందకపోతే మనిషి సరిగా ఎదగడు, బుద్ధి సరిగా వికసించదు. ఏమిటది?"

బంగారం అంటారా? బంగారం లేకుండా కోట్లమంది సుఖంగానే బతుకుతున్నారు. అమృతం అంటారా? అది కథల్లో మాట. ఇది మీ వంటింట్లో ఉప్పు డబ్బాలో ఉండవలసిన వస్తువు. దాని పేరు అయోడిన్.

చెంచా సంగతి నమ్మశక్యంగా లేదా? అయితే పలకా బలపం తీసుకోండి. ఒక గ్రామును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. దాన్ని 365తో హెచ్చవేస్తే ఏడాదికి 54,750 మైక్రోగ్రాములు. మళ్లీ 70తో హెచ్చవేస్తే 38,32,500 మైక్రోగ్రాములు. అంటే నాలుగు గ్రాములైనా లేదు! నూరేళ్లు బతికినా ఆరు గ్రాములు దాటదు.

ఇంత స్వల్పమైన వస్తువు లేకపోతే ఏమవుతుంది? చాలా అవుతుంది. అదే ఈ వ్యాసంలో చెప్పబోయే సంగతి. మన దేశంలో ఈ సంగతిని లోకానికంతకూ రుజువు చేసి చూపించిన వారిలో ఒక తెలుగు వైద్యుడున్నాడు. ఆయన కథ కూడా ఇందులో వస్తుంది.

మెడలో సీతాకోకచిలుక

మీ గొంతు మీద వేలు పెట్టి గుటక వేయండి. గట్టిగా ఒక ముడి పైకీ కిందికీ కదులుతుంది గదా! ఆ ముడికి కొంచెం కింద, గాలి గొట్టానికి ముందు వైపున, రెండు రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి అతుక్కుని ఉంటుంది. మీ పుస్తకాల్లో దీన్ని అవటు గ్రంథి అని రాస్తారు. డాక్టర్లు థైరాయిడ్ అంటారు. పెద్దవాళ్లలో దాని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే.

ఈ గ్రంథి చేసే పని ఏమిటి? మనం తిన్న ఆహారంలో నుంచి అయోడిన్‌ను ఏరుకుని, దానితో థైరాక్సిన్ అనే రసాన్ని తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. థైరాక్సిన్ అణువు ఒక్కొక్కదానిలో నాలుగేసి అయోడిన్ పరమాణువులుంటాయి. అయోడిన్ లేకుండా థైరాక్సిన్ తయారు కావడమంటే బెల్లం లేకుండా పాకం పట్టడం వంటిది.

ఆ రసం రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. ఒంట్లో వేడి ఎంత ఉండాలో, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, ఎముకలు ఎట్లా పెరగాలో, మెదడు ఎట్లా తయారు కావాలో అన్నిటికీ దాని ఆజ్ఞ కావాలి. అది తగ్గితే మనిషి మందగిస్తాడు. చలికి ఓర్వలేడు, నిద్రమత్తుగా ఉంటాడు. పిల్లలైతే పొడుగు ఎదగరు, చదువు మీద మనసు నిలవదు.

దీని శక్తి తెలుసుకోవాలంటే వానాకాలం చెరువులో ఈదే తోకకప్పలను తలుచుకోండి. 1912లో గూడర్నాట్ష్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపించి చూశాడు. అవి తొందరపడి, తగిన సైజు రాకుండానే, తోకలు పోగొట్టుకుని కాళ్లు మొలిపించుకుని బుల్లి బుల్లి కప్పలైపోయాయి. ఆ గ్రంథి తీసేసిన తోకకప్పలు మాత్రం ఎంత పెరిగినా తోకకప్పలుగానే ఉండిపోతాయి. ఇంత పని చేయించే రసం మన మెడలో కూడా ఉన్నది.

మట్టి లేని కుమ్మరి

ఇప్పుడు ఒక కుమ్మరి సంగతి వినండి. ఊళ్లో పెళ్లిళ్ల కాలం వచ్చింది. "రోజుకు వంద కుండలు కావాలి" అని కామందు కబురు పెట్టాడు. తీరా చూస్తే కుమ్మరి దగ్గర మట్టి లేదు. కుండలు అందలేదు. కామందు మళ్లీ కబురు పెట్టాడు: "త్వరగా చెయ్యి!" కుమ్మరి కంగారుపడి ఇంకో సారె పెట్టించాడు, ఇంకో ఇద్దరు పనివాళ్లను తెచ్చుకున్నాడు, పాక పొడిగించాడు. మట్టి లేదు గనుక కుండలు మాత్రం రాలేదు. కబుర్లు వస్తూనే ఉన్నాయి, పాక పెరుగుతూనే ఉన్నది.

మన శరీరంలో ఆ కామందు ఎవరంటే, మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి. రక్తంలో థైరాక్సిన్ తగ్గిందని తెలియగానే అది థైరాయిడ్‌కు కబురు పంపుతుంది. అయోడిన్ అనే మట్టి లేక థైరాయిడ్ కొత్త కణాలను పెంచుకుంటుంది, పాక పొడిగిస్తుంది. మెడ ముందు వాపుగా కనబడేది ఆ పెరిగిన పాకే. దీన్ని మన ఆయుర్వేద గ్రంథాల్లో గళగండం అన్నారు. ఇంగ్లీషు వైద్యులు గాయిటర్ అంటారు. కొందరిలో అది నిమ్మకాయంత ఉంటుంది, కొందరిలో కొబ్బరికాయంత అయి ఊపిరికీ, మింగుడుకూ అడ్డుపడుతుంది.

వాపు కంటికి కనబడుతుంది. కనబడని నష్టం ఇంకా పెద్దది. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు మొదటి నెలల్లో తన థైరాయిడ్ పని చేయదు. తల్లి రక్తంలోని రసమే బిడ్డ మెదడును తీర్చిదిద్దుతుంది. ఆ రోజుల్లో తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మెదడు సరిగా తయారు కాదు. కొందరు బిడ్డలు చెవుడుతో, మూగతనంతో, ఎదగని ఒంటితో, ఎదగని బుద్ధితో పుడతారు. తర్వాత ఎంత అయోడిన్ పెట్టినా జరిగిన నష్టం తిరిగి రాదు. కొద్దిగా లోటు ఉన్న చోట్ల ఇంత ఘోరం కనిపించకపోయినా, ఊరి మొత్తం పిల్లల తెలివితేటలు కొంచెం తగ్గుతాయి. బడిలో వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవాణ్ణి "వీడికి చదువు రాదు" అని తేల్చేసే ముందు, వాడి కంచంలో ఏమి లోటున్నదో కూడా పెద్దలు చూడాలి. అందుకే గర్భిణీ స్త్రీలకు, పాలిచ్చే తల్లులకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 120 చాలు.

వాన ఎత్తుకుపోయిన వస్తువు

మరి ఈ అయోడిన్ ఎక్కడ ఉంటుంది? చాలావరకు సముద్రంలో ఉన్నది. పూర్వం నేల మీద కూడా ఉండేది. లక్షల సంవత్సరాలుగా వానలు, వరదలు, కొండల మీద కరిగిన మంచు దాన్ని కడిగి కడిగి నదుల్లో కలిపి సముద్రానికి చేర్చాయి. కొంత అయోడిన్ ఆవిరై గాలిలో కలిసి వానతో మళ్లీ నేలకు వస్తుంది గాని, పోయినంత రాదు. అందుకే ఎత్తయిన కొండ లోయల్లోనూ, తరచు వరదలు వచ్చే మైదానాల్లోనూ నేల అయోడిన్ లేక గొడ్డుపోయి ఉంటుంది. ఆ నేలలో పండిన ధాన్యంలో అయోడిన్ ఉండదు. ఆ గడ్డి మేసిన ఆవు పాలలోనూ అంతంత మాత్రమే.

ఇక్కడ మీలో తెలివైనవారు ఒక ప్రశ్న వేస్తారు: "సముద్రంలో ఉంటే సముద్రపు ఉప్పులో కూడా ఉంటుంది గదా! మనకు నౌపడలోనూ చినగంజాంలోనూ ఉప్పు కొటారులున్నాయి. మనకేం భయం?"

మంచి ప్రశ్నే. ఉప్పు మడుల్లో ఏం జరుగుతుందో చూడండి. సముద్రపు నీటిని మడుల్లోకి పారించి ఎండబెడతారు. నీరు ఆవిరై, తెల్లని ఉప్పు స్ఫటికాలు కడతాయి. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్నది గాని, అది లీటరుకు 50, 60 మైక్రోగ్రాములే. ఆ కొద్దిలో కూడా చాలా భాగం స్ఫటికంలో చేరదు, మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతుంది. కనుక మామూలు సముద్రపు ఉప్పులో మనకు సరిపడేంత అయోడిన్ లేదు. సముద్రం పక్కనే ఇల్లున్నా ఉప్పులో అయోడిన్ విడిగా కలపవలసిందే. సముద్రపు చేపలు, నాచు మాత్రం అయోడిన్‌ను తమ ఒంట్లో పోగు చేసుకుంటాయి. వాటిలో అది బాగా ఉంటుంది.

ఊదారంగు ఆవిరి

అయోడిన్‌ను మనిషి మొదట చూసింది ఆ నాచు బూడిదలోనే. 1811లో ఫ్రాన్సులో బెర్నార్ కూర్త్వా అనే ఆయన తుపాకి మందుకు కావలసిన సురేకారం తయారు చేస్తూ, సముద్రపు నాచు బూడిదలో గాఢమైన గంధకామ్లం పోశాడు. చూస్తూండగానే అందమైన ఊదారంగు ఆవిరి లేచింది. చల్లటి పాత్రకు తగిలి నల్లగా మెరిసే పలుకులు కట్టింది. ఊదారంగును తెలిపే గ్రీకు మాట నుంచి ఆ కొత్త మూలకానికి పేరు పెట్టారు.

1820లో జెనీవా నగరపు వైద్యుడు క్వాందే గొంతు వాపుకు అయోడిన్‌ను మందుగా ఇచ్చి గుణం చూశాడు. 1896 నాటికి జర్మనీలో బౌమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు థైరాయిడ్ గ్రంథిలోనే అయోడిన్ ఉన్నదని కనుగొన్నాడు. 1914 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ రోజున, అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను విడదీసి స్ఫటికాలుగా చూపాడు.

అయోడిన్ ఇస్తే జబ్బు రాకుండానే ఆపవచ్చునా? దీనికి జవాబు చెప్పింది పెద్ద ఆస్పత్రి కాదు, బడిపిల్లలు! 1917లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో మెరీన్, కింబాల్ అనే ఇద్దరు వైద్యులు బడికి వెళ్లే ఆడపిల్లలకు అయోడిన్ లవణం ఇవ్వడం మొదలుపెట్టారు. మందు తీసుకున్న 2,190 మందిలో అయిదుగురికే గొంతు వాచింది. తీసుకోని 2,305 మందిలో 495 మందికి వాచింది. ఈ లెక్క చూసిన తరువాత ఇంకెవరికి అనుమానం ఉంటుంది?

అయితే ఊరూరా మందు పంచడం కష్టం. ఇల్లిల్లూ, బీదా గొప్పా అనకుండా, ప్రతి రోజూ కొద్దిగా తినే వస్తువు ఏమున్నది? ఉప్పు! 1922లో స్విట్జర్లాండులోనూ, 1924లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోనూ అయోడిన్ కలిపిన ఉప్పు వాడకం మొదలైంది.

కాంగ్రా లోయలో పరీక్ష

ఇక మన దేశానికి వద్దాం. హిమాలయాల పాదాల దగ్గర, ధౌళాధార్ పర్వతాల నీడలో, బియాస్ నది పారే చోట కాంగ్రా లోయ ఉన్నది. ఇప్పుడు అది హిమాచల్ ప్రదేశ్‌లోనిది. 1956లో అది పంజాబు రాష్ట్రంలో భాగం. చూడడానికి స్వర్గంలా ఉండే ఆ లోయలో మెడ వాచిన మనుషులు ఎక్కడ చూసినా కనిపించేవారు. బడిపిల్లలను పరీక్షిస్తే మూడో వంతు కంటే ఎక్కువమందికి గళగండం ఉన్నదని తేలింది. ప్రతి ముగ్గురిలో ఒకరు! మీ తరగతిలో ఎంతమంది అవుతారో లెక్క వేసుకోండి.

అక్కడ 1956లో ఒక పెద్ద పరీక్ష మొదలైంది. దాన్ని నడిపిన వారిలో ముఖ్యుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టాడు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. నీలగిరి కొండల్లో కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలలో పని చేశాడు. ఆ పరిశోధనశాలే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పొందింది.

రామలింగస్వామి, ఆయనతో పాటు డాక్టర్ సూచ్ మొదలైన వైద్యులు సుమారు లక్షమంది జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టుకున్నారు. ఎ, సి భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు పంపారు. బి భాగానికి ఎప్పటి మాదిరిగా మామూలు ఉప్పే వెళ్లింది.

బి భాగాన్ని ఎందుకు వదిలిపెట్టారు? మీరు రెండు కుండీల్లో రెండు మొక్కలు నాటి, ఒకదానికి మాత్రమే ఎరువు వేశారనుకోండి. ఎరువు వేసింది బాగా పెరిగి, రెండోది పెరగకపోతేనే అది ఎరువు మహిమ అని చెప్పగలరు. రెంటికీ ఎరువు వేస్తే, వానల వల్ల పెరిగిందో ఎరువు వల్ల పెరిగిందో ఎట్లా తెలుస్తుంది? అట్లాగే, జబ్బు తగ్గడానికి కారణం ఉప్పా, లేక మంచి తిండి, మంచి నీరు వంటి మరేదైనానా అని తేల్చుకోవడానికే బి భాగం.

ఆరేళ్లు గడిచాయి. 1962లో మళ్లీ పిల్లల మెడలు పరీక్షించారు. ఎ, సి భాగాల్లో జబ్బు సుమారు సగానికి తగ్గింది. బి భాగంలో ఏమాత్రం తగ్గలేదు. కొండలు అవే, నీళ్లు అవే, పంటలు అవే. తేడా ఉప్పులోని పిసరంత అయోడిన్ ఒక్కటే.

రుజువు దొరికిన తరువాత ఆలస్యం చేయలేదు. 1962 నుంచి బి భాగానికి కూడా అయోడిన్ ఉప్పు పంపారు. 1968లో చూస్తే అక్కడా జబ్బు తగ్గుముఖం పట్టింది, మిగిలిన రెండు చోట్లా ఇంకా తగ్గింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి బి భాగపు పిల్లలను తలుచుకోండి. ఆ ఆరేళ్లూ వాళ్లు తమ పెద్దలు తిన్న ఉప్పే తిన్నారు. వాళ్ల దగ్గర నుంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు, నిజమే. అయినా పక్క భాగపు పిల్లలకు అందినది వాళ్లకు ఆరేళ్లు ఆలస్యంగా అందింది. ఈవేళ మనం నిశ్చింతగా వాడుకుంటున్న జ్ఞానంలో వాళ్ల వంతు కూడా ఉన్నది. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మనం ఆ ఉప్పును నిర్లక్ష్యం చేస్తే వాళ్ల ఋణం తీర్చనట్టే.

రామలింగస్వామి తరువాత ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరు, ఆ పైన భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడుగా ఎన్నుకున్నది. 2001లో కన్నుమూశాడు.

దేశం చేసిన పని

కాంగ్రా ఫలితం చూసి 1962లోనే భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించింది. మొదట అయోడిన్ ఉప్పును హిమాలయ ప్రాంతాలకే పంపారు. ఈ జబ్బు కొండవాళ్లదేనని అప్పట్లో అందరి నమ్మకం. కాని తరువాత దేశమంతటా పరీక్షలు చేస్తూ పోతే మైదానాల్లోనూ, సముద్ర తీరాల్లోనూ కూడా అయోడిన్ లోటు కనిపించింది. ఏ రాష్ట్రమూ పూర్తిగా తప్పించుకోలేదు. అందుకని 1986 నుంచి తినే ఉప్పంతటిలోనూ దశలవారీగా అయోడిన్ కలపసాగారు. గొంతు వాపు ఒక్కటే కాదు, బుద్ధి మాంద్యం, చెవుడు కూడా ఈ లోటు వల్లనే వస్తాయి గనుక, 1992లో పథకం పేరును అయోడిన్ లోప రుగ్మతల నివారణ పథకంగా మార్చారు.

చట్టం సంగతి కొంచెం ఊగిసలాడింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఆజ్ఞ చేసింది. ఇట్లాంటి విషయాల్లో బలవంతం కూడదనే వాదన మీద 2000లో ఆ ఆజ్ఞను ఎత్తివేసింది. వైద్యులు ఆందోళనపడ్డారు. చివరికి 2006లో నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది.

ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్ అనే లవణం. దాన్ని నీటిలో కరిగించి ఉప్పు మీద జల్లుతారు. మన దేశంలోని వేడికీ తేమకూ పొటాషియం అయోడైడ్ త్వరగా ఎగిరిపోతుంది, అయోడేట్ నిలబడుతుంది. కర్మాగారంలో కిలో ఉప్పుకు 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. దారిలోనూ దుకాణంలోనూ కొంత పోయినా, మన ఇంటికి చేరేసరికి కిలోకు 15 మిల్లీగ్రాములకు తగ్గరాదు.

మరి ఇప్పుడు మన సంగతేమిటి? 2018-19లో దేశమంతటా ఇళ్లల్లోని ఉప్పును పరీక్షించారు. తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు నూటికి 76 ఉన్నట్టు తేలింది. జమ్మూ కాశ్మీర్, నాగాలాండ్ ఇంచుమించు నూటికి నూరు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ నూటికి 64 దగ్గర ఆగిపోయి, దేశంలో బాగా వెనుకబడిన రాష్ట్రాల వరసలో నిలిచింది. లోకానికి పాఠం చెప్పినవాడు పుట్టిన నేల అదే పాఠంలో వెనుకబడడం మనకు చిన్నతనం కదూ!

వంటింట్లో మన పని

ఇది సరిదిద్దడానికి కొండలు ఎక్కనక్కరలేదు. ఇంట్లో పెద్దలు, పిల్లలు కలిసి చేయగల పనులివి.

ఉప్పు కొనేటప్పుడు సంచి మీద "అయోడిన్ కలిపిన ఉప్పు" అని ముద్రించి ఉన్నదో లేదో చదవండి. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ దాని గుర్తు. చదువు రాని అమ్మమ్మ గారి కోసం ఆ బొమ్మను మీరు చూపించండి. విడిగా బస్తాలో పోసి అమ్మే రాళ్ల ఉప్పులో అయోడిన్ ఉన్నదో లేదో తెలియదు. రాళ్ల ఉప్పే కావాలంటే అయోడిన్ కలిపినది సంచుల్లో దొరుకుతుంది. గులాబి రంగు రాతి ఉప్పు ఈమధ్య వేడుకగా కొంటున్నారు. రంగు బాగానే ఉంటుంది గాని, మనకు చాలినంత అయోడిన్ అందులో ఉండదు.

ఉప్పును మూత ఉన్న జాడీలో, తడి చెయ్యి తగలకుండా, పొయ్యికీ ఎండకూ దూరంగా ఉంచండి. ఎక్కువసేపు మరిగితే కొంత అయోడిన్ పోతుంది గనుక, వీలైన వంటల్లో దించబోయే ముందు ఉప్పు వేయమని అమ్మకు చెప్పండి. పాలు, గుడ్లు, తినే అలవాటున్న ఇళ్లల్లో సముద్రపు చేపలు కూడా అయోడిన్ ఇస్తాయి.

ఉప్పులో మంచి ఉన్నదని దోసిళ్లకొద్దీ తినరాదు సుమా! పెద్దవాళ్లకు రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలు. అది దాటితే రక్తపు పోటు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. తక్కువ ఉప్పు తినాలి, తినేది అయోడిన్ ఉప్పు కావాలి. అయోడిన్ కూడా మితిమీరితే థైరాయిడ్‌కు చేటే. కనుక దాన్ని మందుగా సొంతంగా మింగరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. థైరాయిడ్ జబ్బులన్నీ అయోడిన్ లోటు వల్లనే రావు. ఇతర కారణాలతో కూడా ఆ గ్రంథి మందగించవచ్చు, లేదా అతిగా పని చేయవచ్చు. మెడలో వాపు కనిపించినా, పిల్లవాడు ఎదగకపోయినా, ఇంట్లో గర్భిణి ఉన్నా డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి. డాక్టరు మాత్రలు రాసి ఇస్తే, ఉప్పు మార్చాము గదా అని అవి మానరాదు. క్యాబేజీ, కర్రపెండలం వంటివి అయోడిన్ పనికి కొంచెం అడ్డుపడే మాట నిజం. అయితే ఉడికించి, మితంగా తింటూ, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో భయపడవలసింది లేదు.

ఒక చిన్న ప్రయోగం

పెద్దవాళ్లను దగ్గర ఉంచుకుని చేయండి. ఒక గిన్నెలో చల్లారిన అన్నపు గంజి కొంచెం పోసి, గాయాలకు రాసే అయోడిన్ మందు రెండు చుక్కలు వేయండి. గంజి వెంటనే నల్లని నీలి రంగుకు తిరుగుతుంది. పిండిపదార్థం కనిపిస్తే చాలు, అయోడిన్ ఆ రంగు చూపిస్తుంది. చూసిన తరువాత గంజిని పారబోసి గిన్నె కడగండి. రుచి చూడవద్దు!

"అయితే ఉప్పు వేసినా గంజి నీలంగా మారాలి గదా?" అని అడుగుతారు. మారదు. ఉప్పులో ఉన్నది విడి అయోడిన్ కాదు, అయోడేట్ రూపంలో కట్టుబడి ఉన్నది. దాన్ని విడిపించే ద్రావకం ఉన్న చిన్న పరీక్ష సీసాలు ఆరోగ్య కార్యకర్తల దగ్గర ఉంటాయి. మీ ఊరి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు మీ ఇంటి ఉప్పు ఒక చెంచాడు తీసి ఇచ్చి పరీక్షించమని అడగండి. చుక్క పడగానే ఉప్పు ఊదారంగుకు వస్తే మీ ఇల్లు గెలిచినట్టు. తెల్లగానే ఉండిపోతే దుకాణం మార్చండి.

చివరగా ఒక లెక్క. మీ ఇంట్లో అమ్మ, నాన్న, తాతయ్య, తొమ్మిదేళ్ల చెల్లెలు, పదకొండేళ్ల మీరు ఉన్నారనుకోండి. ఏడాదికి మీ అందరికీ కలిపి ఎంత అయోడిన్ కావాలి? పైన ఇచ్చిన అంకెలతో మీరే కట్టి చూడండి. జవాబు గ్రాములో నాలుగో వంతు కంటే పిసరంత మాత్రమే ఎక్కువ వస్తుంది. అంత చిన్న వస్తువును ప్రతి రోజూ మరవకుండా కంచానికి చేర్చడమే మీ వంటింటి పని. ఆ పని చేస్తే మీ మెడలోని సీతాకోకచిలుక తన పని తాను చేసుకుపోతుంది.